గర్భసంచి తీయించుటకు ముందు

నోరువిప్పి చెప్పుకొనలేని బాధలలో అకాలరక్తస్రావ మొకటి. మా పటాన్‌చెరు కర్మాగారములలో నిలుచుండి పనిచేయు స్త్రీలు దానిని వేడియనియు, అలసటయనియు దాచుకొందురు. నాకును రెండు ముట్టుల నడుమ రక్తము కనబడసాగెను. పరీక్షించి, గర్భాశయముఖమున నీటిబుడగ లున్నవనిరి. ఒక వైద్యశాలలో, "పిల్లలు పుట్టిరి గదా, గర్భసంచి తీసివేయుదము" అనిరి. మనసొప్పక, సంగారెడ్డిలో మరియొక వైద్యురాలి కడకు పోతిని.

ఆమె యిట్లు బోధించెను. జిగురును స్రవించు గ్రంథుల నోళ్లు మూసుకొనగా, లోన జిగురు నిలిచి యీ బుడగ లేర్పడును. జర్మను వైద్యుడు మార్టిన్ నాబోత్ 1707లో వీనిని వర్ణించి, అండములని భ్రమించెను. కాన్పులైన స్త్రీలలో నివి సామాన్యము, క్యాన్సరు కాదు, తరచుగా చికిత్సయే యక్కరలేదు. రక్తస్రావమునకు మాత్రము వేరు కారణము వెదకవలెను.

పాప్ పరీక్ష, స్కానింగు చేయగా, నాకు గర్భాశయముఖమున చిన్న పాలిప్, అనగా కండపిలక, కనబడెను. దానిని తీసి పరీక్షకు పంపిరి. దోషము లేదని తేలెను, రక్తము నిలిచెను.

2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, గర్భసంచి తీయించుకొన్న స్త్రీల నిష్పత్తియందు ఆంధ్రప్రదేశ్ ప్రథమము, తెలంగాణ ద్వితీయము. కొందరికి ఆ శస్త్రచికిత్స ప్రాణరక్షకమే. కాని చిన్న వయసుననే అండాశయములను గూడ తీసినచో, ముట్లుడుగు బాధలు వెంటనే పైబడును, ఎముకలు గుల్లబారును.

కావున ముట్లుడిగిన పిదపగాని, దాంపత్యానంతరముగాని రక్తము కనబడినచో దాచకుడు; కారణము తేలక కోతకు సమ్మతింపకుడు.