పిట్టగోడ ఆజ్ఞ

సంక్రాంతికి హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్, నారాయణగూడ డాబాలన్నీ పిల్లలతో నిండిపోతాయి. పిల్లాడి చూపు గాలిపటం మీద, చేయి మాంజా మీద. కాళ్లు మాత్రం వెనక్కి నడుస్తుంటాయి. వాడికీ వీధికీ మధ్య ఉన్నది పిట్టగోడ ఒక్కటే.

ఆ గోడ యూదులకు మతాజ్ఞ. కొత్త ఇల్లు కడితే డాబాకు పిట్టగోడ కట్టి తీరాలని వారి ధర్మగ్రంథమైన తోరాలోని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని తెలుగు యూదులు, బెనే ఎఫ్రాయిమ్ వారు, నమ్మేదీ ఆ తోరానే.

12వ శతాబ్దంలో కైరోలో వైద్యం చేసిన యూదు పండితుడు మైమొనిడీస్ దానికి కొలత కూడా రాశాడు. పది బెత్తెల ఎత్తుకు తగ్గకూడదు, ఆనుకుంటే కూలకూడదు. అక్కడితో ఆగలేదాయన. పెరట్లో బావి ఉంటే, నీళ్లున్నా లేకున్నా, చుట్టూ గోడో పైన మూతో ఉండాలి. మూత పెట్టని నీళ్లు తాగరాదు, పాము విషం కలిసి ఉండొచ్చు. నాణేలు నోట్లో పెట్టుకోరాదు, ఎవరి చెమట అంటిందో! నా ప్రాణం నా ఇష్టం, మీకేంటి అనేవాడికి కొరడా దెబ్బలే. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని లిబర్టీ చౌరస్తా దాటే మనవాళ్లు ఆయన కంటపడలేదు, అదృష్టం.

యూదు ధర్మంలో ప్రాణం మీదికొస్తే విశ్రాంతి దినమైన సబ్బాతు నియమాలూ పక్కకు తప్పుకోవాల్సిందే.

బావి మూత సంగతి మనకింకా పాతబడలేదు. పాడుబడిన బోర్లను పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఓ పసిపాప బోరుబావిలో పడి చనిపోయింది. మీ పొలంలో ఎండిన బోరుంటే ఈ వారమే పూడ్చేయండి.