అమ్మీ అడిగిన చిన్న మంట



ఈసారి చూల్హా గురించి రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్లలో సెహన్‌లో ఒక ఇటుకల పొయ్యి ఉండే ఉంటుంది. పండక్కో, నియాజ్‌కో, పిల్లల అఖీఖాకో డేగ్ ఎక్కేది దాని మీదే. మా కర్నూలు ఇంట్లోనూ అంతే. బావర్చీఖానాలో రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, వెనక జామచెట్టు పక్కన మూడు ఇటుకల పొయ్యి.

ఆ ఇటుకలకి ఒక కహానీ ఉంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు తీశాక తిరిగొస్తే ఇంటి నిండా బురద. గ్యాస్ సిలిండర్ ఎటు కొట్టుకుపోయిందో తెలీదు. కూలిన గోడలోంచి అబ్బా మూడు ఇటుకలు ఏరి పొయ్యి పెట్టారు. ఎవరో తెచ్చిచ్చిన బియ్యం, పప్పుతో అమ్మీ గల్లీ మొత్తానికి ఖిచ్డీ వండింది. అబ్బా ఇప్పుడు లేరు. అల్లా ఆయనకి మగ్ఫిరత్ ప్రసాదించాలి. ఇటుకలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆ పొయ్యి తీసేద్దామనే మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

కిందటి బక్రీద్‌కి వచ్చింది. రాత్రంతా పాయా ఉడికించి, ఫజర్ వేళకి అమ్మీ గోడ పట్టుకుని దగ్గుతోంది. మాట రావట్లేదు. డాక్టర్ సాబ్ పీల్చే మందు రాసిచ్చి, "అమ్మా, ఇక కట్టెల పొగ దగ్గరికి వెళ్లొద్దు" అని గట్టిగా చెప్పారు.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్లింటి వెనక రాతి గట్టు, గట్టులో కబాబులు కాల్చుకునే గ్రిల్, దాని పక్కనే ఒక చిన్న పొయ్యి. సైడ్ బర్నర్ అంటారట. ఫోటోలు పంపి, "భాయ్‌జాన్, మన సెహన్‌లోనూ ఇలాంటిదే కట్టిద్దాం. పైసల ఫికర్ వద్దు" అన్నాడు.

"దాని మీద డేగ్ ఎక్కుతుందారా?" అని అడిగాను.

నవ్వాడు. "12,000 బీటీయూ. చాయ్‌కి, సాలన్ వేడి చేసుకోవడానికి బాగుంటుంది. పది లీటర్ల నీళ్లు పెడితే మాత్రం అరగంట పడుతుంది. గాలి వీస్తే ఇంకా ఆలస్యం."

పన్నెండు వేలంటే వినడానికి పెద్దగానే ఉంది. లెక్క వేస్తే సుమారు మూడున్నర కిలోవాట్లు. అంతే. మనకి ఇంకా పెద్ద మంట కావాలని నేనే ఫైసలా చేసేసుకున్నాను. తెలిసిన హోటల్ బావర్చీని అడిగి, దుకాణదారుని అడిగి, హై ప్రెషర్ బర్నర్ ఒకటి, దానికి తగ్గ రెగ్యులేటర్ తెచ్చి సెహన్‌లో పెట్టాను.

జుమ్మా రోజు మేమాన్లు వచ్చారు. ఐదు కిలోల బియ్యం బిర్యానీ. పొయ్యి ముట్టించగానే విమానం లేచినట్టు చప్పుడు. ఎసరు చూస్తుండగానే మరిగింది. నేను మురిసిపోయాను. కానీ అంతకుముందే బిరిస్తా సగం మాడి పక్కన పడి ఉంది. దమ్‌కి పెట్టాక అసలు కష్టం మొదలైంది. మంట తగ్గిస్తే ఒక హద్దు వరకే తగ్గుతుంది, ఆపైన కొట్టుకుని ఆరిపోతుంది. వెలిగిస్తే మళ్లీ అదే జోరు. డేగ్ కింద తవా వేసినా అడుగంటింది. మేమాన్ల ముందు అమ్మీ ఒక్క మాట అనలేదు. పైపై బిర్యానీ తీసి దస్తర్‌ఖాన్ మీదకి పంపింది.

ఇతవారం పొద్దున లేచి చూస్తే సెహన్‌లో మళ్లీ పొగ. నాకు కోపమొచ్చింది. "అమ్మీ, డాక్టర్ సాబ్ ఏమన్నారు?"

"ఉస్కూ హల్లూ జల్‌నా నై ఆతా బేటా" అంది. దానికి మెల్లగా మండటం రాదు. కాసేపాగి, "అందరినీ అడిగావు. నన్నడిగావా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. డల్లాస్‌ని అడిగాను, హోటల్‌ని అడిగాను. నలభై ఏళ్ల తజ్రుబా ఇంట్లోనే ఉంది.

ఆ వారమే అమ్మీని దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు ఒక్కో పొయ్యి వెలిగించి మంట పూర్తిగా తెరిచి చూపిస్తున్నాడు. అమ్మీ ప్రతిసారీ ఒకటే మాట: "ఇప్పుడు చిన్న మంట చూపించు." రెండు అక్కడే ఆరిపోయాయి. మూడోది రెండు చుట్ల బర్నర్. లోపలి చుట్టుకి ఒక నాబ్, బయటి చుట్టుకి ఇంకొకటి. ఇంట్లో వాడే మామూలు రెగ్యులేటర్ మీదే నడుస్తుంది. లోపలి చుట్టు ఒక్కటే సన్నగా వెలిగించి, పల్లూతో గాలి విసిరింది. నీలం మంట వంగింది గానీ ఆరలేదు.

తర్వాత స్టాండ్ మీద ఖాళీ డేగ్ పెట్టించి, రెండు చేతులతో పక్కకి నెట్టి చూసింది. కదల్లేదు. డేగ్ అంచు నడుము దగ్గరికి వచ్చిందా లేదా చూసుకుంది. "మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టకూడదు. భుజం ఎత్తకుండా కఫ్‌గీర్ అడుగుకి చేరాలి" అంది. తమ్ముడు చెప్పిన ఎత్తైన గట్టు మీద పెట్టి ఉంటే డేగ్ అంచు ఆమె గుండెల దాకా వచ్చేది. ఐదు కిలోల బిర్యానీని ఆ ఎత్తునుంచి దించేదెవరు?

ఇక ఇంతెజామ్ సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకని సిలిండర్‌ని గుంటలోనో, మూసేసిన అరలోనో పెట్టకండి. అర కట్టించే తీరాలంటే అడుగున గాలి రంధ్రాలు ఉంచండి. సిలిండర్ ఎప్పుడూ నిటారుగా, నీడలో ఉండాలి. ఐఎస్ఐ మార్కు సురక్షా ట్యూబే వాడండి, అది పొయ్యి కింద నుంచి పోకూడదు. ఎండకి పగుళ్లొచ్చాయేమో చూస్తుండండి. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయా చూడండి, అగ్గిపుల్లతో ఎన్నడూ చూడొద్దు. వాసనొస్తే మంటలు ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, 1906కి ఫోన్ చేయండి. గాలికి అడ్డం కావాలని నాలుగు వైపులా రేకులు కట్టకండి. గాలి వచ్చే వైపు ఒక్కటి చాలు. అన్నివైపులా మూస్తే వేడి తిరిగి సిలిండర్ మీదకే వస్తుంది.

ఈ పొయ్యి మీద ఎసరు మరగడానికి హోటల్ బర్నర్ కంటే రెట్టింపు సేపు పడుతుంది. అమ్మీకి ఆ ఫికర్ లేదు. "ఆ టైములో ఉల్లిపాయలు కోసుకుంటాను" అంటుంది.

ఇటుకలు తీయలేదు. దమ్‌కి మూత మీద నిప్పులు వేయాలి కదా. వాటి మధ్య నాలుగు బొగ్గులు నేనే రాజేస్తాను. అవి ఎర్రబడి పొగ పోయేదాకా అమ్మీ ఇంట్లోనే ఉంటుంది. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం.

ఈ బక్రీద్‌కి పాయా రాత్రంతా లోపలి చుట్టు మీదే ఉడికింది. మంట దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నేనూ మా బేగమూ వంతులేసుకుని కూర్చున్నాం. నాకు తెలిసి అమ్మీ బక్రీద్ రాత్రి పడుకోవడం అదే మొదటిసారి. ఫజర్ చదువుకుని వచ్చింది. దగ్గు లేదు, అల్‌హమ్దులిల్లా. మూత తీసి, చెంచాడు అరచేతిలో వేసుకుని రుచి చూసింది.

"నమక్ కమ్ హై" అంది.

మీరు పొయ్యి కొనబోతుంటే, దాని ముందు నిలబడేదెవరో వాళ్లని కూడా దుకాణానికి తీసుకెళ్లండి. మా అమ్మీ సెహత్ కోసం దువా చేయండి.

ఖుదా హాఫిజ్.