సున్నయు ఖాళీయు నొకటి కావు

మా వారి తరగతి మార్కులు కూడుటకై మేము టైపుస్క్రిప్టు భాషలో నొక ప్రోగ్రాము వ్రాసితిమి. జ్వరముచే నొక బాలిక లెక్కల పరీక్షకు రాలేదు. ఆమె గడిలో విలువ లేదను నల్ గుర్తుండెను. కంపైలరు శంకింపగా, "విలువ తప్పక కలదు" అను నర్థమిచ్చు ఆశ్చర్యార్థక చిహ్నముంచి దాని నోరు మూయించితిమి. కూడికలో నల్ సున్నగా చెల్లెను. పట్టిక ఆ పిల్ల తప్పినట్లు చూపెను. ఆమె కంటనీరు మా తొందరపాటు ఫలము.

1965లో నల్‌ను కల్పించిన టోనీ హోరు గారే 2009లో దానిని నూరుకోట్ల డాలర్ల తప్పిదమనిరి, మేమెంతటివారము?

ప్రోగ్రామును నడుపకమున్నే దోషములను చూపు లింటు, ఎసట పోయకమున్నే బియ్యమున రాళ్లేరు చేట వంటిది. ఆ చిహ్నమును నిషేధించు నియమమును అందుంచితిమి. ఇక ఖాళీ గడికేమి చేయవలయునో ముందే చెప్పక తప్పదు. "రాలేదు" అని చూపుమంటిమి. ఆ బాలికకు మరల పరీక్ష జరిగినది.