పచ్చని బిళ్ళ



అక్షరము రానివారికి గుర్తే అక్షరము. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో మన దేశము పార్టీలకు గుర్తులిచ్చినది ఇందుకే గదా! కంప్యూటరు విషయములోను ఇది నిజమని మా కరవుసీమలోని ఒక అవ్వ యింట చూచితిని.

ఆమె కుమారుడు బెంగుళూరులో కట్టడపు పనిచేయుచు, వాడిన కంప్యూటరొకటి తెచ్చి టీవీకి తగిలించెను. అందులో విండోస్ మీడియా సెంటరు కలదు. మైక్రోసాఫ్టువారు 2002లో దానిని వెలువరించిరి. దూరముగా కూర్చుండి రిమోటుతోనే పాటలు, ఫోటోలు, సినిమాలు పెట్టుకొనుటకు చేసినది. రిమోటుమీద పచ్చని బొత్తామొకటి యుండును. నొక్కగానే తెరమీద అదే పచ్చని గుండ్రని బిళ్ళ, నడుమ విండోస్ జెండాతో కనబడును. పిమ్మట పెద్ద అక్షరముల పట్టిక వచ్చును. చేతిలోని గుర్తు, తెరమీది గుర్తు ఒకటే. చేసినవారెవరో గాని మెచ్చదగిన ఆలోచన! పచ్చబిళ్ళ వచ్చిన తరువాత బాణము ఎన్నిమారులు నొక్కిన ఫోటోలు వచ్చునో అవ్వకు వ్రేళ్ళ లెక్క. పోయిన పెనిమిటి, శెనక్కాయ బాగుగా పండిన యేటి కళ్ళము, మనుమరాలి పెండ్లి, అన్నియు అందులోనే యున్నవి.

వాడువారు తగ్గిరని చెప్పి 2015లో విండోస్ 10తో ఆ కంపెనీ మీడియా సెంటరును మానివేసెను. అప్పటికి కంపెనీ పెద్ద సత్య నాదెళ్ళగారు. 2014 ఫిబ్రవరిలో ఆ బాధ్యతకు వచ్చిరి. వారి పూర్వికులది మన జిల్లాలోనే, యల్లనూరు మండలములోని బుక్కాపురము. 2019లో మరణించిన వారి తండ్రి యుగంధర్‌గారు ఐ.ఏ.ఎస్. అధికారిగా గ్రామాభివృద్ధికి పాటుపడినవారు. ఇది చెప్పగా అవ్వ నవ్వి, "మన పక్కోళ్ళే ఐతే ఒక మాట అడగొచ్చు గదా అయ్యగారూ" అనెను. వాడువారిని లెక్కించునప్పుడు ఈ అవ్వ ఒక్క తలయే. ఆ లెక్క తప్పని నేననను. కాని ఆ ఒక్క తలకు ఎంతమంది కనబడుచున్నారో అందులోనికి రాదు.

ఇప్పుడు మనుమడు క్రొత్త విండోస్ వేయుదునని తొందరపడుచున్నాడు. వాని మాటలోను న్యాయమున్నది. వారి యంత్రములోని విండోస్ 7కు రక్షణ సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయెను; దానిని ఇంటర్నెట్టుకు తగిలించుట అపాయము. అయితే క్రొత్తదానికి మార్చినచో ఫోటోలు నిలిచినను పచ్చబిళ్ళ పోవును. గనుక చదువరీ, నీ యింటను ఇట్టిది యున్నచో ముందు ఫోటోలన్నిటిని వేరొక డిస్కులోనికి ఎక్కించుము. తరువాత నెట్టు తీసివేసి, పాత యంత్రమును దాని మానాన నడవనిమ్ము.

మనుమడు దీనికి ఒప్పుకొని డిస్కు తెచ్చెను. ఎక్కించుచున్నంతసేపు అవ్వ ప్రక్కనే కూర్చుండి, "ఆయన పోటో దాంట్లోకి పోతే దీంట్లో ఉంటాదా?" అని రెండుమారులు అడిగెను. ఉండునని చెప్పి రిమోటు ఆమె చేతికిచ్చితిమి.