మిన్నెసోటా చలికాలం, ఇంటి జమాఖర్చు

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఏ రాష్ట్రంలో ఇల్లు కొనాలని ఆలోచించేటప్పుడు, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న మాటా, మిన్నెసోటాలో చలికి తట్టుకోలేమన్న మాటా తరచుగా ఎదురెదురుగా నిలుస్తాయి. రెండూ నిజాలే. అయితే పన్ను జీతంతోపాటు పెరిగే భారం కాగా, చలి ఖర్చు ఇంటి విస్తీర్ణాన్నీ కట్టుబడినీ బట్టి మారే భారం. మొదటిదాన్ని కుటుంబం తన ఇష్టప్రకారం తగ్గించుకోలేదు, రెండవదాన్ని చాలావరకు తగ్గించుకోగలదు. ఈ వ్యాసకర్త కుటుంబం డాలస్‌కు మారే అవకాశాన్ని వదులుకుని మినియాపొలిస్ శివారులోనే ఇల్లు కొనడానికి ఆధారమైనది ఈ తేడాయే.

మిన్నెసోటాలో ఆదాయపు పన్ను 5.35 శాతంతో మొదలై, ఆదాయం పెరిగేకొద్దీ అంచెలంచెలుగా 9.85 శాతం దాకా వెళుతుంది. 2024 రేట్ల ప్రకారం, ఏడాదికి 1,50,000 డాలర్లు సంపాదించే భార్యాభర్తలు ప్రామాణిక మినహాయింపు పోను రాష్ట్రానికి కట్టవలసింది సుమారు 7,500 డాలర్లు, టెక్సస్‌లో ఇది సున్నా. కానీ టెక్సస్ పాఠశాలలూ కౌంటీలూ ప్రధానంగా ఆస్తి పన్ను మీద నడుస్తాయి కనుక, అక్కడ ఇంటి విలువపై పడే పన్ను రేటు మిన్నెసోటా కంటే ఎక్కువ. 4,00,000 డాలర్ల ఇంటికి టెక్సస్‌లో 1.8 శాతం, మిన్నెసోటాలో 1.2 శాతం పడుతుందనుకుంటే ఏటా 2,400 డాలర్ల తేడా వస్తుంది. అంటే ఆదా అనుకున్న 7,500లో మిగిలేది 5,100. ఇది చిన్న మొత్తం కాదు. ఆదాయం రెట్టింపైన కుటుంబానికి ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది, అటువంటివారికి టెక్సస్ లెక్క బలంగానే నిలుస్తుంది.

అయినా ఈ లెక్కలో సాధారణంగా వదిలేసే అంశం ఒకటుంది. ఉద్యోగం పోయిన ఏడాది ఆదాయపు పన్ను దానంతటదే తగ్గుతుంది. ఆస్తి పన్ను మాత్రం జీతం వచ్చినా రాకపోయినా అంతే కట్టాలి. హెచ్-1బి వీసా మీద, ఒకే జీతంతో నడిచే ఇంటికి ఇది చాలా కీలకమైన విషయం. మంచిరోజుల్లో ఎంత మిగులుతుందో చూసుకున్నంత శ్రద్ధగా, గడ్డురోజుల్లో ఎంత కట్టక తప్పదో కూడా చూసుకోవాలి.

ఇక చలి సంగతి. మినియాపొలిస్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 9 సెల్సియస్ డిగ్రీల దిగువన ఉంటుంది. ఒక ఊరి చలిని ఇంధన ఖర్చుగా కొలవడానికి ‘హీటింగ్ డిగ్రీ డే’ అనే ప్రమాణాన్ని వాడతారు. రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఎంత తక్కువగా ఉందో చూసి, ఆ తేడాలను ఏడాది పొడవునా కూడితే వచ్చే సంఖ్య అది. మినియాపొలిస్‌కు ఇది సుమారు 7,500, డాలస్‌కు అందులో మూడో వంతు లోపే. బిల్లులో గ్యాసును ‘థర్మ్’లలో, అంటే లక్ష బీటీయూల (బ్రిటిష్ థర్మల్ యూనిట్ల) వేడిని ఒక ప్రమాణంగా తీసుకుని లెక్కిస్తారు. ఒక ఇంటికి శీతకాలమంతా 720 థర్మ్‌ల వేడి కావాలంటే, 80 శాతం సామర్థ్యమున్న పాత ఫర్నేస్ 900 థర్మ్‌లు కాలుస్తుంది, 96 శాతం సామర్థ్యమున్నది 750తో సరిపెడుతుంది. థర్మ్‌కు డాలరు చొప్పున తేడా ఏటా 150 డాలర్లే కనుక, బాగా పనిచేస్తున్న ఫర్నేస్‌ను కేవలం ఆదా కోసం మార్చడం లాభం కాదు. అంతకంటే అటక మీద ఇన్సులేషన్ మందంగా పరిపించడం, కిటికీల సందులు మూయించడం ముందు చేయవలసిన పనులు. గ్యాసు గొట్టం లేని పల్లెప్రాంతంలో ప్రొపేన్ వాడే ఇల్లయితే పరిస్థితి వేరు: గ్యాలన్ 2 డాలర్లున్నప్పుడు అదే వేడికి రెట్టింపు పైగా ఖర్చవుతుంది. ఇల్లు చవకగా వస్తోందని ఊరికి దూరంగా కొనేవారు దీన్ని గమనించాలి.

చలి దేశపు ఇంటికి ఇంధనం కంటే ప్రమాదకరమైన ఖర్చు నీటి గొట్టాలది. సంక్రాంతికి ఇండియా వెళ్లే కుటుంబాలు వేడిని పూర్తిగా ఆపేసి తాళం వేస్తే, గొట్టాల్లో నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, వాటిని పగలగొడుతుంది. ఇంట్లో తగిన వేడి ఉంచలేదన్న కారణంతో బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశమూ ఉంటుంది. ఈ వ్యాసకర్త ఇంట్లో ప్రయాణానికి ముందు థర్మోస్టాట్‌ను 55 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నిలిపి, బేస్‌మెంట్‌లోని ప్రధాన వాల్వు కట్టి, వంటగది కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీటిని వదిలేసి, సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచి, పొరుగువారికి తాళంచెవి ఇచ్చి బయలుదేరడం ఆనవాయితీ. ఖాళీ ఇంటిని వేడిగా ఉంచినందుకు వచ్చే బిల్లు దండగ కాదు, బీమా ప్రీమియం వంటిదే.

మందపాటి కోట్లు, స్నో టైర్లు, కారు బ్యాటరీ, మంచు తీసే మనిషి కూలి వంటివి మొదటి ఏడాది జేబును గట్టిగా తాకినా తర్వాత సర్దుకుంటాయి. మిన్నెసోటాలో దుస్తుల మీద అమ్మకపు పన్ను లేకపోవడం కొంత మేలు. చలికాలపు బిల్లు కట్టలేని కుటుంబాలు వాయిదాల ఒప్పందం కుదుర్చుకుని, దాని ప్రకారం కడుతున్నంతకాలం, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు వేడికి సంబంధించిన సరఫరాను కంపెనీలు నిలిపివేయకూడదని రాష్ట్ర చట్టం రక్షణ కల్పిస్తోంది.

చలి లేని రాష్ట్రంలో చలి నష్టం ఉండదన్న నమ్మకాన్ని 2021 ఫిబ్రవరి నాటి చలి తుఫాను వమ్ము చేసింది. టెక్సస్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయి, చలిని తట్టుకునేలా కట్టని ఇళ్లలో గొట్టాలు పగిలి, రెండు వందల మందికి పైగా మరణించారు. మిన్నెసోటాలో పునాదులను నేల గడ్డకట్టే లోతుకు దిగువగా, మినియాపొలిస్ ప్రాంతంలో 42 అంగుళాల కిందికి, దించాలని నిబంధన ఉంది. ఆ ఖర్చు ఇంటి ధరలోనే చేరి ఉంటుంది, ఆ మేరకు రక్షణ కూడా చేరి ఉంటుంది.

డాలర్లలోకి మారని భారం మిగులుతుంది. డిసెంబరులో పగలు తొమ్మిది గంటల లోపే ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. తల్లిదండ్రులు ఆ నెలల్లో వస్తే మంచు మీద జారిపడతారేమోనన్న భయంతో ఇంటికే పరిమితమవుతారు. అందుకే సంపాదన ఉన్నంతకాలం మిన్నెసోటా, ఉద్యోగ విరమణ తర్వాత వెచ్చని చోటు అన్నది ఈ కుటుంబం చేసుకున్న తీర్మానం. ఇల్లు చూడబోయే పాఠకులు ధర మాట్లాడకముందే గత పన్నెండు నెలల గ్యాసు, కరెంటు బిల్లులనూ, ఆస్తి పన్ను నోటీసునూ అమ్మకందారు నుంచి అడిగి తీసుకోవాలి; జనవరి బిల్లు చూపించడానికి వెనకాడే ఇంటిని కొనవద్దు.