మా అయ్య బండి

ఈసారి గోడ పత్రికకు సెలవుల్లో చేసిన పని ఏదైనా రాయమని తెలుగు మేడం గారు చెప్పారు. నేను బండి బాగుచేసిన సంగతి రాస్తున్నాను. కానీ దానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

నిరుడు నేను ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరాను. డిసెంబరు నెల రెండో ఆదివారం మన గేటు దగ్గరికి ఒక పాత బండి వచ్చింది. ఫట్ ఫట్ మని ఒకటే మోత, వెనకాల నల్లటి పొగ. మీలో కొందరు కిటికీలోంచి చూసి నవ్వారు. "ఎవరే ఆయన?" అని అడిగితే, "మా ఊరాయన, అమ్మ సామాన్లు పంపించింది" అన్నాను. స్నేహితులారా, ఆయన మా అయ్య. గేటు దగ్గరికి వెళ్ళి, ఇంకెప్పుడూ ఆ బండి మీద రావద్దని కూడా చెప్పాను. అయ్య ఏమీ అనలేదు. ఉడకబెట్టిన కందికాయల మూట నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో అయ్య చీకటి పడే వేళకు వచ్చాడు. ఎందుకు ఆలస్యమయ్యిందో నేను అడగలేదు. ఎండాకాలం సెలవుల్లో అమ్మ చెప్పింది, "ఆ వేళ జీపు దొరకనేదే. నువ్వు బండి వద్దన్నావని కొండ దిగి నడిచే వచ్చాడు" అని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఉంటుంది. మా బండి హీరో హోండా సీడీ 100. ఆ రకం బండ్లు మన దేశంలో 1985లో మొదలయ్యాయి. ఇంజను 97.2 సీసీ. మా ఊళ్ళో పనిచేసిన ఒక మాస్టారు బదిలీ మీద వెళ్తూ దాన్ని అయ్యకు అమ్మారు. అప్పటికి నేను పుట్టలేదు. షెడ్డుకు తీసుకెళ్తే వారం కూలి డబ్బులు పోతాయి. అందుకే రిపేరు పనంతా మా పశువుల పాక ముందే జరుగుతుంది.

మా అయ్యకు చదువు రాదు. సంతకం కూడా లేదు, వేలిముద్రే. కానీ స్పానర్ల మీద ఉన్న 10, 14, 17 అంకెలు చదువుతాడు. అంకెలు స్పానర్ల దగ్గరే నేర్చుకున్నానని నవ్వుతూ చెప్పాడు. చైను వదులయ్యిందో, ఆయిలు తగ్గిందో మోత విని చెప్పేస్తాడు. పొగ సంగతి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. ప్లగ్గు తీసి తుడిచేవాడు. నాలుగు రోజులకే మళ్ళీ మసి పట్టేది.

ఆ మాస్టారు బండితో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. ఇన్నేళ్ళూ అది పెట్టె అడుగునే ఉండిపోయింది. నేను డిక్షనరీ పెట్టుకుని రెండు రోజులు చదివాను. ఇంజనులోకి వెళ్ళే గాలిని వడకట్టే స్పాంజి ఒకటి ఉంటుందనీ, దాన్ని అప్పుడప్పుడు కడగాలనీ అందులో ఉంది. "గాలిని కూడా వడకడతారేటే?" అన్నాడు అయ్య. పక్క మూత విప్పి చూస్తే స్పాంజి మట్టి కొట్టుకుపోయి అట్టలా ఉంది. దహనం పాఠంలో మనం చదువుకున్నాం కదా, గాలి చాలకపోతే ఇంధనం పూర్తిగా మండదు, మసి వస్తుంది. మా బండికి ఊపిరాడలేదు, అంతే.

స్పాంజిని సర్ఫు నీళ్ళలో పిండి, నీడలో ఆరబెట్టాను. కాస్త ఇంజనాయిలు రాసి గట్టిగా పిండి బిగించాం. ప్లగ్గు కూడా శుభ్రం చేశాను. తిరిగి పెట్టేటప్పుడు తొందరపడి, అది అడ్డంగా పడినా చూడకుండా స్పానరుతో తిప్పబోయాను. అయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ముందు ఒట్టి చేత్తో తిప్పు. సరిగ్గా కూకుంటే చెయ్యే సెప్తాది. బలం పెడితే లోపల మర పోద్ది." నిజమే, ఆ మర అల్యూమినియంలో ఉంటుంది. చెడితే చాలా ఖర్చు. ఆ మాట పుస్తకంలో నాకు కనబడలేదు. కనబడినా ఆ తొందరలో గుర్తుండేది కాదేమో.

మూడో కిక్కుకు బండి స్టార్టయ్యింది. మొదట కొంచెం నల్లపొగ వచ్చి, తరువాత ఆగిపోయింది. అయ్య కాసేపు ఇంజను మోత విని, "ఇప్పుడు నీ బడికి రావచ్చా?" అని అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు గానీ నాకు ఏడుపు వచ్చింది. పొగ పోయినందుకు కాదు, పొగ ఉన్నా రమ్మని నేను అనాల్సింది. ఆ మాటే చెప్పాను. "సర్లే, స్పానర్లు లెక్కెట్టి సంచిలో ఎయ్యి" అన్నాడు.

మీ ఇళ్ళల్లో పాత బండి నల్లపొగ వదులుతుంటే ముందు ఆ స్పాంజి చూడండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్రోలు పని చెయ్యకండి. ఆడపిల్లవి నీకెందుకని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి.

వచ్చే రెండో ఆదివారం అయ్య వస్తున్నాడు. చైను మోత ఇంకా ఉంది, మీకు ముందే వినబడుతుంది. ఈసారి ఎవరాయన అని అడగండి, చెబుతాను.

— 9వ తరగతి విద్యార్థిని