చీమకుర్తి నల్లరాయి – మన వంటింటి గట్టు

ఒంగోలు నుండి కర్నూలు రోడ్డు మీద పడమరగా సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తే చీమకుర్తి వస్తుంది. పొగాకు, మిరప, కంది చేల నడుమ సాగే ఆ దారిలో, ఊరు సమీపిస్తున్న కొద్దీ పైరులకు బదులు రాతి గుట్టలు కనిపిస్తాయి. నల్లని దిమ్మెలు మోస్తూ లారీలు నెమ్మదిగా ఎదురవుతాయి. ప్రపంచ విపణిలో ‘బ్లాక్ గెలాక్సీ’ అనే పేరుతో చెలామణి అయ్యే రాయికి పుట్టినిల్లు ఈ నేలే. ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబమూ వంటగట్టుకు ఏ రాయి వేయాలా అని ఆలోచిస్తుంది. ఆ విషయం తెలుసుకోవడానికి మేము రాయి పుట్టిన చోటికే వెళ్ళాము.

రామతీర్థం, ఆర్.ఎల్.పురం పరిసరాల్లో క్వారీ అంచున నిలబడి చూస్తే, మెట్లు మెట్లుగా పాతాళానికి దిగిపోయినట్లుండే లోయ కనిపిస్తుంది. అడుగున తిరిగే యంత్రాలు పిల్లల ఆటబొమ్మల్లా ఉంటాయి. వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగను నీటి ధార నడుమ తిప్పుతూ బండను కోస్తారు. తీసిన రాయి అంతా అమ్మకానికి పనికిరాదు. సన్నని పగులు, తెల్లని చార ఉన్న దిమ్మె పక్కకు పోతుంది. ఊరి చుట్టూ పెరిగిన గుట్టలు ఇలా తిరస్కరించిన రాళ్ళవే.

అందరూ దీనిని గ్రానైట్ అంటారు గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతికి చెందిన శిల. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం భూమి లోతుల్లో శిలాద్రవం మెల్లగా చల్లారి ఇలా గట్టిపడింది. నల్లని ఆకాశంలో నక్షత్రాల్లా మెరిసే ఆ బంగారు చుక్కలు బంగారం కావు. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. సృష్టికర్త నేల పొరల్లో దాచిన ఈ అందం వెలుగు చూడడానికి పాలిష్ యంత్రం కావలసి వచ్చింది.

కొనే ముందు కొన్ని పరీక్షలు చేసుకోవడం మంచిది. పలకను నీడలో గాక ఎండలో, ఏటవాలుగా నిలబెట్టి చూడాలి. సన్నని పగుళ్ళు, లక్కతో పూడ్చిన గుంటలు అప్పుడే బయటపడతాయి. వెనుక వైపు కూడా చూడాలి. అక్కడ వల అతికించి ఉంటే ఎందుకు అతికించారో అడగాలి. రంగు వేసి నలుపు తెప్పించిన రాళ్ళు కూడా బజారులో ఉన్నాయి. గోళ్ళ రంగు తుడిచే ద్రావకంలో తెల్లని గుడ్డ ముంచి ఒక మూల రుద్దితే, గుడ్డకు నలుపు అంటితే అది వేసిన రంగే. చదరపు అడుగుల లెక్కను మన ఎదుటే కొలిపించుకోవాలి. కొలతలో నిజాయితీ అమ్మేవారి బాధ్యత. చూసి తీసుకోవడం కొనేవారి బాధ్యత.

నిమ్మరసం పరీక్ష మరీ ముఖ్యం. ధర తక్కువని కొందరు కడప నల్లబండలనో, పాలరాయినో గట్టుకు వేస్తారు. అవి సున్నపు జాతి రాళ్ళు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడితే పాలిష్ పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. ఏ పలక మీదనైనా కనిపించని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగి తుడవండి. మెరుపు తగ్గిందంటే అది మన వంటలకు నిలిచే రాయి కాదు. నేలకూ, అరలకూ మాత్రం ఆ బండలు చక్కగా పనికొస్తాయి.

బిగించే పనిలోనూ జాగ్రత్త అవసరం. సింకు కోసం కోసిన చోట మూలలు గుండ్రంగా ఉండాలి. నిలువు మూల నుండే పగులు మొదలవుతుంది. రాయి కింద ఖాళీలు లేకుండా ఆధారం ఉండాలి. నీరు సింకు వైపు జారేలా స్వల్ప వాలు ఇవ్వాలి.

ఇక సంరక్షణ చాలా సులువు. మెత్తని గుడ్డ, కొద్దిపాటి సబ్బు నీరు చాలు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను గట్టు దరికి రానీయవద్దు. మన జిల్లాల ఉప్పు నీరు ఆరితే నల్లరాతి మీద తెల్లని మరకలు తేలతాయి. కనుక కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. బిర్యానీ దేగిసాను పొయ్యి మీద నుండి నేరుగా రాతి మీదకు దించకుండా కింద చెక్క పీట వేయాలి. బక్రీద్ నాడు మాంసం కోసేటప్పుడు గట్టు మీద చెక్క పలక తప్పనిసరి. రాతి మీద కత్తి మొద్దుబారుతుంది. కొవ్వు, రక్తం అతుకుల్లో చేరకుండా గోరువెచ్చని సబ్బు నీటితో వెంటనే కడగాలి.

ఈ రాయి వెనుక మనుషులున్నారని మరువరాదు. క్వారీల్లో స్థానికులతో పాటు ఒడిశా వంటి రాష్ట్రాల నుండి వచ్చిన వలస కార్మికులూ పనిచేస్తారు. 2025 ఆగస్టు 3న బల్లికురవ సమీపంలోని ఒక క్వారీలో బండలు కూలి ఆరుగురు ఒడిశా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. రాతి ధూళి కూడా మెల్లగా ఊపిరితిత్తులను తినివేస్తుంది. సిలికా అధికంగా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసే కార్మికులు సిలికోసిస్ బారిన పడుతున్నందున, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి వాటి తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది.

క్వారీలో భద్రత మన చేతిలో లేకపోవచ్చు. మన ఇంటి గుమ్మం లోపల జరిగే పని మన చేతిలోనే ఉంది. మేస్త్రీ రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పోయించండి. ముక్కుకు మాస్కు కట్టుకోమని చెప్పండి, లేకుంటే మనమే కొనివ్వండి. పిల్లలను, వృద్ధులను ఆ గదికి దూరంగా ఉంచండి. వీలైనంత కోత పనిని దుకాణంలోనే చేయించండి. పని ముగిసిన నాడే కూలి చెల్లించండి. మిగిలిన ముక్కలు పారవేయక కిటికీ గడపలకో, తులసి, పుదీనా కుండీల కింద పీటలకో వాడితే దుబారా కూడా తగ్గుతుంది.